అల్లామా ఇక్బాల్ సిద్ధాంత వ్యాసం – ఒక పరిశీలన

హైదరాబాదు నుండి 1936లో 'ఫల్సఫయె అజమ్' అనే ఉర్దూ గ్రంథం వెలువడింది. అల్లామా ఇక్బాల్ (రహ్మతుల్లాహి అలైహి) యూరపులో విద్యార్థిగా ఉన్న కాలంలో ఆంగ్లంలో రాసి, 1907లో జర్మనీలోని మ్యూనిక్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందిన సిద్ధాంత వ్యాసానికి ఇది అనువాదం. మూలం 1908లో లండనులో అచ్చయింది. అనువాదకులు మీర్ హసనుద్దీన్ గారు అనుమతి కోరినప్పుడు అల్లామా కాదనలేదు. కాని సంతోషంగా ఔననీ అనలేదు. పుస్తకం రాసి పద్దెనిమిదేళ్లు గడిచాయని, ఈలోగా ఎన్నో కొత్త విషయాలు బయటపడ్డాయని, తన భావాల్లోనే పెద్ద మార్పు వచ్చిందని, విమర్శకు నిలబడగల భాగం ఇందులో కొద్దిగానే మిగిలి ఉందని ఆయన తెలియజేశారు.

తన డాక్టరేటు గ్రంథం గురించి ఇంత నిర్మొహమాటంగా మాట్లాడే పండితులు అరుదు. ఎప్పుడో సమర్పించిన వ్యాసాన్ని పదవీ విరమణ దాకా భుజాన మోసుకు తిరిగేవారే ఎక్కువ. అయితే అల్లామా అభిమానులు ఆయన మాటను సాకుగా తీసుకుని ఆ గ్రంథాన్ని పూర్తిగా పక్కన పెట్టేశారు. ఆయన జీవిత చరిత్రల్లో అది సాధారణంగా ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. వెంటనే 'అస్రారె ఖుదీ' ప్రస్తావన మొదలవుతుంది. ఇది సరైన పద్ధతి కాదు. ఆ గ్రంథం ఇరాన్ తత్త్వం గురించి చెప్పేదానికంటే మరో సంగతికి ఎక్కువ సాక్ష్యం ఇస్తుంది. ఒక ముస్లిం విద్యార్థి ఆధునిక పాశ్చాత్య తత్త్వాన్ని దాని పుట్టినింటనే, ఉన్నత స్థాయిలో అభ్యసించినప్పుడు అతని ఆలోచనకు ఏమి జరుగుతుంది? ఆ చదువు అతని చేతికి ఏ పనిముట్టు ఇస్తుంది, ఏ అలవాటు అంటిస్తుంది? తత్త్వశాస్త్రంలో ఎం.ఏ., పిహెచ్.డి. చదవదలచిన ముస్లిం యువకులకు ఇది నేటికీ ఎదురయ్యే ప్రశ్నే.

చదువు ఎలా సాగిందో మొదట చూడాలి. ఇక్బాల్ 1899లో లాహోరు గవర్నమెంట్ కాలేజీలో తత్త్వశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేశారు. అక్కడ ఆయనకు గురువు థామస్ ఆర్నాల్డ్. ఇస్లాం వ్యాప్తి ఖడ్గంతో కాక ప్రబోధంతో జరిగిందని సప్రమాణంగా రాసిన వారుగా మన పాఠకులకు ఆయన సుపరిచితులు. సిద్ధాంత వ్యాసం అంకితమైంది కూడా ఆయనకే. 1905లో ఇక్బాల్ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చేరారు. హెగెల్ తత్త్వానికి ఇంగ్లాండులో ప్రముఖ వ్యాఖ్యాత అయిన మెక్‌టాగర్ట్, మనస్తత్వ శాస్త్రంలోనూ తత్త్వంలోనూ పేరుపొందిన జేమ్స్ వార్డ్ అప్పుడు అక్కడ బోధిస్తున్నారు. ముఖ్యంగా మెక్‌టాగర్ట్‌తో సాన్నిహిత్యం ఎక్కువ. ఈయన విచిత్రమైన వ్యక్తి. దేవుడు లేడనేవాడు, ఆత్మ మాత్రం అమరమనేవాడు! దాదాపు ప్రతి దినమూ ఆయన గదికి వెళ్లి దేవుని గురించి చర్చించేవాడినని ఇక్బాల్ తర్వాతి కాలంలో రాసుకున్నారు.

అంటే తరగతి గదిలోనూ బయటా ఆయన చదివింది కాంట్, హెగెల్‌ల యూరపు తత్త్వమే. మరి పరీక్షకు రాసింది? ఇరాన్ గురించి. మ్యూనిక్‌లో ఆయనకు ఆచార్యుడుగా నిలిచిన ఫ్రిట్జ్ హొమ్మెల్ తత్త్వవేత్త కాదు, సెమిటిక్ భాషల పండితుడు. ఈ ఏర్పాటులో ఒక సంగతి ఇమిడి ఉంది. తూర్పు దేశపు విద్యార్థి యూరపు తత్త్వాన్ని ఎంత లోతుగా చదివినా, ఆ విశ్వవిద్యాలయాలు అతని నుండి ఆశించింది తన దేశపు సరుకునే. కాంట్ మీద నీ విమర్శ ఏమిటని వారు అడగలేదు. మీ సూఫీలు ఏమన్నారో మా భాషలో వివరించమన్నారు. ఇందులో దురుద్దేశం ఉందనుకోనవసరం లేదు. అరబ్బీ, ఫార్సీ రాతప్రతులు చదవగల విద్యార్థి దొరికినప్పుడు ఏ ఆచార్యుడైనా అదే సలహా ఇస్తాడు. కాని దాని ఫలితం విద్యార్థి మీద ఉండకపోదు. తన సంప్రదాయాన్ని తనవారి కోసం కాక, పరాయివారి బల్లమీద పెట్టి విప్పి చూపించడం అతనికి అలవాటవుతుంది.

గ్రంథం సుగుణాలను తక్కువచేయడం అన్యాయం. జరతుష్ట్ర, మానీ, మజ్దక్‌లతో మొదలై, ఇబ్నె మస్కవైహ్, ఇబ్నె సీనా, ముఅతజిలీలు, అష్‌అరీలు, సూఫీలు, ఇష్రాఖీలు, ముల్లా సద్రా, ముల్లా హాదీ సబ్జవారీల మీదుగా బాబీ ఉద్యమం దాకా, వెయ్యేళ్లకు పైబడిన ఆలోచనా ప్రవాహాన్ని ఒకే చిన్న పుస్తకంలో పట్టి చూపిన ప్రయత్నం అది. ఆనాటికి ఆ మూలాల్లో అనేకం అచ్చులో లేవు. యూరపు గ్రంథాలయాల్లోని రాతప్రతులను స్వయంగా చదివి ముప్పై ఏళ్లైనా నిండని యువకుడు చేసిన పని ఇది. 1191లో అలెప్పోలో మరణశిక్షకు గురైన షేఖ్ షిహాబుద్దీన్ సుహ్రవర్దీ 'హిక్మతుల్ ఇష్రాఖ్' మీద ఆయన రాసిన పుటలు ఆ తత్త్వాన్ని ఆంగ్ల పాఠకులకు పరిచయం చేసిన తొలి రచనల్లో చేరతాయి. సుహ్రవర్దీ గ్రంథాలను పరిష్కరించి ప్రకటించిన ఫ్రెంచి పండితుడు హెన్రీ కోర్బిన్ కృషి ఆ తర్వాత చాలా ఏళ్లకు గాని మొదలు కాలేదు. సూఫీ తత్త్వం విదేశీ ప్రభావంతో పుట్టిందని ప్రాచ్య పండితులు తేలికగా తేల్చేస్తున్న కాలంలో, ఒక సమాజంలో ఒక ఆలోచన వేళ్లూనాలంటే ఆ సమాజపు లోపలి పరిస్థితులే కారణం కావాలని ఇక్బాల్ వాదించారు. ఆ వాదన ఈనాటికీ నిలిచే ఉంది.

ఇక లోపం. పీఠికలో గ్రంథకర్త తన లక్ష్యాలు రెండని చెప్పారు. వాటిలో మొదటిది, ఇరాన్ ఆలోచనలోని తార్కిక పరంపరను వెతికి దానిని ఆధునిక తత్త్వ పరిభాషలో వివరించడం. చిక్కంతా ఈ ఆధునిక తత్త్వ పరిభాషలోనే ఉంది. పరిభాష అంటే పాత్ర వంటిది, ఏ పాత్రలో పోసినా నీరు నీరే అని పైకి అనిపిస్తుంది. తత్త్వశాస్త్రంలో అది నిజం కాదు. అక్కడ ఒక్కొక్క పదం వెనుకా ఒక్కొక్క వాదం, ఒక్కొక్క వివాద చరిత్ర ఉంటాయి. గ్రంథంలోని నాలుగో అధ్యాయమే ఉదాహరణ. వస్తువు సారమూ దాని ఉనికీ ఒకటేనా, వేరువేరా అని ముతకల్లిమీన్‌లకూ తాత్త్వికులకూ నడిచిన వాదాన్ని ఆయన భావవాద, వాస్తవవాదాల వివాదంగా పేర్కొన్నారు. యూరపులో భావవాదమంటే, మనసుకు తోచే భావాలకు ఆవల వస్తువు ఉందా అన్న ప్రశ్న చుట్టూ పెరిగినది. అష్‌అరీల ప్రశ్న అది కానే కాదు. వారి దృష్టి మానవుని మనసు మీద లేదు, అల్లాహ్ సర్వశక్తి మీద ఉంది. వస్తు గుణం రెండు క్షణాలు నిలవదని వారన్నది, సృష్టి ప్రతి క్షణమూ సృష్టికర్త మీదనే ఆధారపడి ఉందని నిరూపించడానికి. వారికి భావవాదులని పేరు పెట్టగానే ఆ ప్రాణమైన విషయం కనుమరుగై, బర్క్‌లీకి ముందు పుట్టిన బర్క్‌లీలు మాత్రం మిగులుతారు.

ఈ అలవాటు కేంబ్రిడ్జికి వెళ్లాక పుట్టింది కాదు. 1900లోనే ఇక్బాల్ 'ఇండియన్ ఆంటిక్వరీ' పత్రికలో అబ్దుల్ కరీమ్ అల్ జీలీ మీద ఒక వ్యాసం రాశారు. 'అల్ ఇన్సానుల్ కామిల్' కర్త అయిన జీలీ, జర్మను తత్త్వాన్ని, ప్రత్యేకించి హెగెల్‌ను ముందే ఊహించాడన్నది అందులోని ముఖ్యాంశం. లాహోరులో ఎం.ఏ. పాఠాల్లో విన్న హెగెల్ అప్పటికే కొలబద్ద అయిపోయాడన్న మాట. ఆ వ్యాసంలోని సరుకే తర్వాత సిద్ధాంత వ్యాసంలోకి వచ్చింది. జీలీకి పరమసత్యం సాక్షాత్కారంతో తెలియవలసినది. దానికి అతడు చెప్పిన మెట్లు సాధకుడు ఎక్కవలసిన మెట్లు. హెగెల్‌కు అది భావం తనలోని వైరుధ్యం వల్ల తానే ముందుకు సాగే క్రమం. మెట్ల సంఖ్యో వరుసో కలిసినంత మాత్రాన మేడ ఒకటే కాదు.

అన్నిటికంటే వివరంగా చూడదగిన ఉదాహరణ ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి)ది. 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథానికి డేకార్ట్ 1637లో ప్రకటించిన 'పద్ధతి' గ్రంథంతో ఎంత పోలిక ఉన్నదంటే, ఇహ్యాకు ఆనాడు అనువాదమే ఉండి ఉంటే డేకార్ట్‌ను గ్రంథచౌర్యం కింద పట్టుకునేవారని జార్జ్ హెన్రీ లూయిస్ అనే ఆంగ్లేయుడు తన తత్త్వ చరిత్రలో రాశాడు. ఇక్బాల్ ఈ మాటను సిద్ధాంత వ్యాసంలో ఉదహరించారు. అప్పటి నుండి ముస్లిం రచయితల చేతుల్లో అది అరిగిపోయిన నాణెంలా తిరుగుతూనే ఉంది. ఉపన్యాసాల్లో, ప్రత్యేక సంచికల్లో, ఆఖరికి ఎం.ఏ. విద్యార్థుల జవాబు పత్రాల్లో కూడా! ఇహ్యా తెరిచి చూసినవారు తక్కువ, డేకార్ట్‌ను తెరిచి చూసినవారు మరీ తక్కువ.

తెరిచి చూస్తే ఏముంది? ఇమామ్ గారు తన సంశయ కాలాన్ని వర్ణించింది ప్రధానంగా ఇహ్యాలో కాదు, 'అల్ మున్కిజ్ మినద్దలాల్' అనే స్వీయ చరిత్రలో. నీడ కదలనట్టు కనబడుతుంది, కాని కదులుతుంది. నక్షత్రం నాణెమంత కనబడుతుంది, కాని భూమికంటె పెద్దది. ఇంద్రియాలను ఇలా నమ్మలేకపోయిన మనిషి బుద్ధిని మాత్రం ఎలా నమ్మగలడు? కలలో నిజమనుకున్నది మెలకువలో తేలిపోయినట్టు, ఈ మెలకువ కూడా మరొక మెలకువ ముందు తేలిపోదని హామీ ఏమిటి? ఇంతవరకు డేకార్ట్‌తో పోలిక ఆశ్చర్యకరమే. ఆ తర్వాతే దారులు చీలిపోతాయి. డేకార్ట్ సంశయం కావాలని చేపట్టినది, పునాది కోసం తవ్విన గొయ్యి వంటిది. గజాలీకి అది రెండు నెలలపాటు పట్టి పీడించిన జబ్బు. ఆ మాట ఆయనదే. డేకార్ట్ తాను ఆలోచిస్తున్నాను గనుక తాను ఉన్నానన్న చోట కాలు మోపి, అక్కడి నుండి దేవుణ్ణి నిరూపించి, దేవుడు మోసగాడు కాడు గనుక బుద్ధి స్పష్టంగా చూసినది నిజమని తేల్చాడు. ఇమామ్ గజాలీకి 'నేను' అనేది ఆధారం కానే లేదు. ఏ వాదమూ, ఏ ప్రమాణాల కూర్పూ తనకు నయం చేయలేదని, అల్లాహ్ తన ఎదలో ప్రసరింపజేసిన వెలుగుతోనే బుద్ధి సత్యాల మీద నమ్మకం తిరిగి వచ్చిందని ఆయన స్పష్టంగా చెప్పారు. ఒకరిది మనిషితో మొదలై దేవుని వద్దకు సాగే వాదం, మరొకరిది దేవుని వద్ద నుండి మనిషికి అందే అనుగ్రహం. ఆధునిక యూరపు తత్త్వం మొత్తం మొదటి దారిలో నడిచింది. అందువల్ల ఇద్దరూ ఒకటేనంటే ఇమామ్ గారి గౌరవం పెరగదు సరికదా, ఆయన చెప్పిన అసలు మాటే వినబడకుండా పోతుంది.

లూయిస్ చేసిన ఈ పొరపాటును అల్లామా ఇరవై ఏళ్ల తర్వాత కూడా వదులుకోలేదన్నది చెప్పక తప్పదు. ఇస్లామీయ సంస్కృతి ఆత్మ గురించిన ప్రసంగంలో, ఇహ్యా డేకార్ట్ పద్ధతికి దారి చదును చేసిందన్న భావం మళ్లీ కనిపిస్తుంది. చదువు రోజుల్లో పట్టిన అలవాటు ఎంత గట్టిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మనవాడే ముందు చెప్పాడు అనే ఈ కత్తికి రెండు వైపులా పదునుంటుంది. ఇక్బాల్‌కే అది తగిలింది. 1915 నాటి 'అస్రారె ఖుదీ'ని కేంబ్రిడ్జి ఆచార్యుడు నికల్సన్ 1920లో ఆంగ్లంలోకి తెచ్చాడు. వెంటనే యూరపు విమర్శకులు ఇందులోని పరిపూర్ణ మానవుడు నీచే చెప్పిన అతిమానవుడేనన్నారు. అల్లామా 1921లో నికల్సన్‌కు లేఖ రాస్తూ, సూఫీల ఇన్సానె కామిల్ గురించి తాను ఇరవై ఏళ్ల కిందటే, నీచే పేరైనా వినకముందే రాశానని గుర్తుచేయవలసి వచ్చింది. ఆయన సాక్ష్యంగా చూపింది 1900 నాటి ఆ జీలీ వ్యాసాన్నే. అదే వ్యాసంలో ఆయన జీలీని హెగెల్‌తో కొలిచారు. జీలీలో హెగెల్‌ను చూడవచ్చునంటే, ఇక్బాల్‌లో నీచేను చూడరాదని ఎవరు చెప్పగలరు? పోలికనే ప్రమాణంగా పెట్టుకున్నాక, ఎవరు ఎవరికి రుణపడ్డారన్న లెక్క రాసేది బలవంతుడే. ఆ రోజుల్లో బలవంతులు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

నికల్సన్ అనువాదం చదివిన మెక్‌టాగర్ట్ కూడా తన పాత శిష్యునికి ఉత్తరం రాశాడు. మనం కలిసి తత్త్వం మాట్లాడుకున్న రోజుల్లో నీవు చాలా వరకు సర్వేశ్వరవాదివి, మార్మికుడివి కదా, ఇప్పుడు మారిపోయావా అన్నది దాని సారాంశం. గురువు గ్రహించిన మార్పు నిజమైనదే. సిద్ధాంత వ్యాసం రాసిన ఇక్బాల్ తన వారి ఆలోచనలను యూరపుకు వివరించేవాడు. తర్వాతి ఇక్బాల్ యూరపుతో వాదించేవాడు.

ఆ వాదం మన ప్రాంతంలోనే వినిపించింది. 1929 జనవరిలో అల్లామా మద్రాసులో ప్రసంగించి, మైసూరు మీదుగా హైదరాబాదు వచ్చి ఇక్కడ కూడా ఉపన్యసించారు. అలీగఢ్‌లోనూ వినిపించిన ఆ ప్రసంగాలు ఆరూ 1930లో లాహోరులో అచ్చయ్యాయి. 1932లో లండనులోని అరిస్టాటిలియన్ సొసైటీకి ఇచ్చిన ఏడవ ప్రసంగంతో కలిపి 1934లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ వచ్చింది.

రెండవ ప్రసంగంలో మెక్‌టాగర్ట్‌కు ఇచ్చిన సమాధానం శ్రద్ధగా చదవదగినది. కాలం అసత్యమని మెక్‌టాగర్ట్ 1908లో 'మైండ్' పత్రికలో రాసిన వ్యాసం సుప్రసిద్ధం. ఏ సంఘటన అయినా ఒకప్పుడు భవిష్యత్తు, ఒకప్పుడు వర్తమానం, ఒకప్పుడు భూతం అవుతుంది. ఈ మూడు లక్షణాలూ ఒకదానికొకటి పొసగవు. పొసగని లక్షణాలు ఒకే సంఘటనకు అంటగట్టేది ఏదైనా అసత్యమే అన్నది ఆయన తర్కం. ఇంగ్లాండు రాణి యాన్ మరణం మనకు గతం, ఆమె సమకాలికులకు వర్తమానం, ఆమెకు ముందు ఏలిన మూడవ విలియంకు భవిష్యత్తు. ఇక్బాల్ జవాబు సూటిగా ఉంటుంది. రాణి చనిపోకముందు ఆమె మరణం అనే సంఘటనే లేదు, అది జరిగే అవకాశం మాత్రమే ఉంది. లేనిదానికి భవిష్యత్తు అనే లక్షణం ఎలా అంటుతుంది? ముందుగా గీసిపెట్టిన గీత మీద మనం నడుస్తున్నామనుకోవడమే పొరపాటు. కాలం గీయబడుతూ ఉన్న గీత.

ఇక్కడ గజాలీ ముందే చెప్పాడన్న మాట లేదు, ఖుర్‌ఆన్‌లో ఐన్‌స్టీన్‌ను వెతకడమూ లేదు. గురువు వాదంలోని ఒక మెట్టును పట్టుకుని అది నిలవదని చూపడం ఉంది. కేంబ్రిడ్జికే చెందిన సి.డి. బ్రాడ్ 1923 నాటి తన గ్రంథంలో దాదాపు ఇదే దారి తొక్కాడు. అంటే ఇక్బాల్ ఆ తత్త్వ చర్చలో పాల్గొంటున్నవాడే గాని గోడ అవతల నిలబడి వింటున్నవాడు కాదు. ఆ జవాబు పూర్తిగా సరిపోయిందా అంటే లేదనే చెప్పాలి. భవిష్యత్తును తీసివేసినా వర్తమానం, భూతం మిగిలే ఉంటాయి; ఒకే సంఘటనకు ఆ రెండూ ఎలా పొసగుతాయన్న చిక్కు విడిపోదు. కాల రహస్యం విప్పడం తేలిక కాదని అల్లామా తానే ఒప్పుకున్నారు.

పైగా ఈ వాదానికి ఆయన మూల్యం చెల్లించవలసి వచ్చింది. భవిష్యత్తు ఇంకా లేనిదైతే, అల్లాహ్‌కు జరగబోయేదంతా తెలుసునన్న విశ్వాసం మాటేమిటి? విధి మీద విశ్వాసం ఈమాన్ మూలసూత్రాల్లో ఒకటి. మూడవ ప్రసంగంలో ఆయన దీనికి, భవిష్యత్తు దైవజ్ఞానంలో తెరిచి ఉన్న అవకాశంగా ఉంటుందే తప్ప గీతలు దిద్దిన సంఘటనల వరుసగా కాదని బదులిచ్చారు. దీనిని ఉలమా అనేకులు అంగీకరించలేదు. వారి అభ్యంతరం తోసిపుచ్చదగినది కాదు. జరగబోయేదాన్ని అవకాశంగా మాత్రమే ఎరిగిన జ్ఞానం సంపూర్ణ జ్ఞానమెలా అవుతుందన్నది గట్టి ప్రశ్న. అయినా ఒక సంగతి గుర్తించాలి. జీలీని హెగెల్‌తో పోల్చినప్పుడు ఇక్బాల్‌కు పోయేదేమీ లేదు. మెక్‌టాగర్ట్‌ను ఎదిరించినప్పుడు తన విశ్వాసాన్నే తూకంలో పెట్టవలసి వచ్చింది. తత్త్వ చర్చ అంటే ఇది.

ఏడవ ప్రసంగం ఇంకా మెరుగైనది. అధిభౌతిక జ్ఞానం సాధ్యమా అని కాంట్ 1781లో వేసిన ప్రశ్నను తీసుకుని, మతం సాధ్యమా అని ఇక్బాల్ మళ్లీ అడిగారు. మన జ్ఞానం దేశకాలాల్లో అందే అనుభవానికి పరిమితమన్నది కాంట్ తీర్పు. ఆ తీర్పు సరైనదే కావచ్చు, కాని మామూలు అనుభవం ఒక్కటే అనుభవమన్న ఊహ మీద అది నిలిచి ఉంది. ఆ ఊహకు ఆధారమేమిటని ఇక్బాల్ నిలదీశారు. ఇబ్నె అరబీని, ఇరాఖీని ఇక్కడ ఆయన తెచ్చింది కాంట్‌కు పూర్వీకులుగా నిలబెట్టడానికి కాదు, కాంట్ ఊహకు ఎదురు సాక్షులుగా. అవే పేర్లు, అదే సంప్రదాయం. సిద్ధాంత వ్యాసంలో సూఫీలు బోనులో నిలబడితే ఇక్కడ సాక్ష్యం చెబుతున్నారు. బెర్గ్‌సన్‌తోనూ అంతే. జీవశక్తిని ఎంతో మెచ్చుకుంటూనే, గమ్యమే లేని ప్రవాహం గుడ్డిదవుతుందని ఖండించారు. ఇక్కడొక విచారకరమైన సంగతి. పదార్థ సారంలోనే నిరంతర చలనం ఉన్నదన్న ముల్లా సద్రా సిద్ధాంతం ఆయనకు బెర్గ్‌సన్‌కంటె దగ్గరి చుట్టం. సిద్ధాంత వ్యాసంలో సద్రాకు దక్కిన చోటు చాలా కొద్ది. ఆ చలన సిద్ధాంతానికి అందులో చర్చ లేదు. యూరపు కళ్లద్దాల్లో కనబడని దానిని తర్వాత యూరపులోనే వెతుక్కోవలసి వచ్చింది.

మరో దారి లేకపోలేదు. అలీగఢ్ ఆచార్యులు సయ్యద్ జఫరుల్ హసన్ గారు ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసినప్పుడు తూర్పు సరుకు తీసుకుపోలేదు. వాస్తవవాదం యూరపు తత్త్వంలో ఎలా పుట్టి పెరిగిందో దాని ముఖ్య ప్రతినిధుల రచనల నుండే విచారించారు. ఆ గ్రంథం 1928లో కేంబ్రిడ్జి ప్రచురణగా వచ్చింది. ఉస్మానియాలో తత్త్వశాస్త్రం బోధించిన ఖలీఫా అబ్దుల్ హకీమ్ గారు మాత్రం హైడెల్‌బర్గ్‌లో రూమీనే ఎంచుకున్నారు. ఇద్దరిలో అబ్దుల్ హకీమ్ గారి పేరే మనకు ఎక్కువగా తెలుసు. జఫరుల్ హసన్ గారి దారిలో నడిచినవారు తక్కువ.

నేటికీ తత్త్వశాస్త్ర శాఖల్లో ముస్లిం విద్యార్థి పరిశోధనకు వచ్చాడంటే, గజాలీ–డేకార్ట్, ఇక్బాల్–బెర్గ్‌సన్ అనే జంటల్లో ఒకటి అతని చేతిలో పెట్టడం తేలిక. ఇరువైపులా చెరో వంద పుటలు, చివర పోలికలు, తేడాలు. కాంట్‌ను అతడు గైడులోనో, ఏదో ఒక తత్త్వ చరిత్రలోనో చదివి ఉంటాడు, గజాలీని ఆంగ్లానువాదంలో. మదరసాలో చదివి వచ్చినవాడైతే మూలం చదవగలడు; కాని ఆ శక్తి విశ్వవిద్యాలయంలో ఎవరికీ అక్కరకు రాదు. విశ్వవిద్యాలయం వారికి మదరసా తర్కం తెలియదు, మదరసా వారికి కాంట్ పేరు వినడమే ఇష్టం లేదు.

ఈ రెండో వర్గానికి ఇమామ్ గజాలీయే జవాబిచ్చి ఉన్నారు. ఒక శాస్త్రంలో అందరికంటే బాగా ఎరిగినవానితో సమానమై, ఆపైన అతణ్ణి మించితే గాని దాని లోపం తెలియదని, తెలియకుండా ఖండించడం చీకట్లో బాణం వేయడమేనని ఆయన అభిప్రాయం. బగ్దాదులో మూడు వందల మంది విద్యార్థులకు బోధిస్తూ, దొరికిన తీరిక వేళల్లో రెండేళ్లలోపు తత్త్వ గ్రంథాలను గురువు లేకుండా చదివారు. ఆ తర్వాత దాదాపు మరో ఏడాది వాటిని నెమరువేస్తూ గడిపారు. తాత్త్వికుల వాదాలను 'మఖాసిదుల్ ఫలాసిఫా'లో ఎంత నిష్పక్షపాతంగా వివరించారంటే, దాని లాటిను అనువాదం చదివిన యూరపువారు ఆయనను ఇబ్నె సీనా శిష్యకోటిలో చేర్చారు! 'తహాఫుతుల్ ఫలాసిఫా' ఖండన వేరే గ్రంథం. రెండేళ్ల చదువు, ఏడాది మననం, ప్రత్యర్థి కూడా ఒప్పుకునే వివరణ, ఆ తర్వాతే ఖండన. నేటి పిహెచ్.డి. నిబంధనలు ఇంతకంటె కఠినమైనవేమీ కావు.

అల్లామా ప్రసంగాలు 1958లో సయ్యద్ నజీర్ నియాజీ గారి ఉర్దూ అనువాదంగా వెలువడినప్పుడు, పేరులోని 'మత చింతన' అనే మాట 'ఇలాహియాత్' అయింది. చిన్న మార్పుగా కనబడినా, తెరిచిన ప్రశ్నలతో నిండిన పుస్తకానికి అది దైవశాస్త్ర గ్రంథం ముసుగు వేసింది. తెలుగులో చిక్కులు ఇంకా ఎక్కువ. కాంట్ విడదీసి చెప్పిన రెండు శక్తులకు, అంటే అనుభవాన్ని కూర్చే శక్తికి, అనుభవాన్ని దాటి ప్రశ్నలు వేసే శక్తికి, మనకు వాడుకలో 'బుద్ధి' ఒక్కటే ఉంది. 'ఖుదీ' సంగతి సరేసరి. 'ఆత్మ' అంటే వేదాంతం వెంట వస్తుంది. పరమాత్మలో లయం కావలసిన ఆ ఆత్మను ఇక్బాల్ జీవితమంతా నిరాకరించారు. 'వ్యక్తిత్వం' అంటే యోగ్యతాపత్రంలోని మాటలా తేలిపోతుంది. 'అహం' అంటే గర్వమని తెలుగువాడి చెవికి తోస్తుంది. అయితే ఉర్దూలో 'ఖుదీ'కి ఉన్న చెడ్డపేరు కూడా సరిగ్గా అదే. 'అస్రారె ఖుదీ' తొలి ముద్రణ పీఠికలో, ఈ పదాన్ని గర్వమనే అర్థంలో వాడటం లేదని అల్లామా విడిగా చెప్పవలసి వచ్చింది. తెలుగు అనువాదకుడు 'అహం' ఎంచుకుంటే పీఠికలో అదే మాట చెప్పుకోవాలి; 'ఆత్మ' ఎంచుకుంటే మాత్రం ఎంత పెద్ద పీఠిక రాసినా చాలదు.